ఊసరవెల్లి పురిటికి సెవియ్యా మన్ను

మా మరిది సెర్వాందో ఎద్దులతో పోరాడే వీరుడు కాడు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే అతన్ని చూసిన కొత్తవాళ్ళంతా అలాగే అనుకుంటారు. అనుకోవాలనే అతగాడి తాపత్రయం కూడా. ఒంటికి అతుక్కుపోయిన నల్ల పాంటు, పక్కకు వంచిన టోపీ, చెంపల మీదికి దువ్విన జుట్టు, ఉత్తినే కుర్చీలో కూర్చున్నా ఎవరో ఫోటో తీస్తున్నట్టు మెడ నిక్కించడం. అసలు సంగతేమిటంటే, సెవియ్యా నగరంలో ఎద్దుల పోరు జరిగే చోట రాతి మెట్ల మీద కూర్చునే జనానికి ఈయనగారు దిండ్లు అద్దెకిచ్చేవాడు. అంతే. సముద్రం ఒడ్డున మా చిపియోనా ఊళ్ళో చేపలు వేపుకునే నేను ఎద్దుకు ఎంత దగ్గరగా వెళ్ళానో అతనూ అంతే దగ్గరగా వెళ్ళాడు. ఆ దిండ్ల దుమ్ము దులుపుకొని మా ఊరొచ్చి, నోట్లో నాలుక లేని మా చెల్లెలు కసీల్దాను చేసుకొని, మా నాన్న పోయాక ఇంటికి మగదిక్కునంటూ తనకు తనే పట్టం కట్టుకొని, మా షాపులో తిష్ట వేశాడు.

మాది వేపిన చేపలమ్మే షాపు. కసీల్దా వెనక గదిలో నెత్తళ్ళ తలలు తుంచి పేగులు తీస్తుంది, సొరచేపను ముక్కలు కోసి వెనిగరు, జీలకర్ర పట్టించి నానబెడుతుంది. నేను వాటికి పిండి అద్ది, నూనెలో వేపి, కాగితం పొట్లాల్లో పోసి అమ్ముతాను. సెర్వాందో గుమ్మం పక్క బల్ల దగ్గర మోస్కతెల్ తీపి వైను ముందు పెట్టుకొని ఎద్దుల గురించి ఉపన్యాసమిస్తాడు. వినడానికి మంగలి ఎలాదియో, ఇంకో నలుగురైదుగురు పనీపాటా లేనివాళ్ళు. అంతా కలిసి ఎద్దుల క్లబ్బు ఒకటి పెట్టుకున్నారు. దానికి అధ్యక్షుడు మావాడే. అసలైన వీరుల్ని పిలిచినట్టు వీళ్ళు అతన్ని "మాస్త్రో" అని పిలుస్తారు. అందులో గౌరవమెంతో వెటకారమెంతో తెలుసుకునే బుర్ర ఆ మహానుభావుడికి లేదు.

చేపలున్నచోట ఈగలుంటాయి. ఆ రోజుల్లో మా ఊళ్ళో ఈగల మందు కొనేవాణ్ణి చూసి నవ్వేవాళ్ళం. ఇంటికో ఊసరవెల్లి ఉండేది. నడుముకు మెత్తటి దారం కట్టి జెరేనియం కుండీ మీద కూర్చోబెడితే చాలు, ఈగల సంగతి అదే చూసుకునేది. ఇప్పుడు చట్టం ఒప్పుకోదట, సరేలెండి. మా షాపులో ఉన్న ఆడ ఊసరవెల్లిని కసీల్దా బొటనవేలంత ఉన్నప్పుడు తెచ్చి పెంచింది. పేరు మార్కేసా, అంటే ఏదో పెద్ద జమీందారిణి. ఒక్క అడుగు వేయడానికి కాలు గాల్లోకెత్తి, ఊపి, వేద్దామా వద్దా అని ఆలోచించే ఆ గీర చూసి నేనే పెట్టానా పేరు. మా చెల్లెలు మనుషులతో మాట్లాడేది తక్కువ. మార్కేసాతో మాత్రం పొద్దస్తమానం గుసగుసలే.

దీనికి ముందు ఇంకొకటి ఉండేది. అది ఎలా పోయిందో చెబితే గానీ మిగతాది అర్థం కాదు.

మా ఇంటి వెనక పెరడు మా నాన్న హయాం నుంచీ ఇసుక నేల. వేసవి పోయి వానలు మొదలయ్యేవేళ ఊసరవెల్లి కడుపుతో ఉంటే దారం విప్పి పెరట్లో వదిలేవాళ్ళం. అది నేలకు దిగి, ఇసుకలో చెయ్యి దూరేంత లోతుగా తవ్వుకొని, గుడ్లు పెట్టి, పూడ్చేసి, నీరసంగా తిరిగొచ్చేది. చలికాలమంతా గుడ్లు నేలలోనే. మళ్ళీ వేసవి ముగిసేవేళకు పిల్లలు పైకొచ్చేవి. ఇది మా ఊళ్ళో పాలుతాగే పసివాడికి కూడా తెలుసు. కానీ సెర్వాందో సెవియ్యా నాగరికుడు కదా! ఎండాకాలంలో సముద్రస్నానాలకు దిగే జనం కోసం బల్లలు వేస్తానని పెరడంతా సిమెంటు పోయించి టైల్స్ పరిచాడు. నట్టనడుమ రంగు రంగు టైల్స్‌తో కొమ్ములు తిరిగిన ఎద్దు తల, దాని కింద క్లబ్బు పేరు.

ఆ ఏడాది ఆ పాత ఊసరవెల్లి కడుపుతో ఉండి, టైల్స్ మీద అటూ ఇటూ తిరిగి, గీరి గీరి, చివరికి నల్లగా మాడినట్టయి చచ్చిపోయింది. "ముసల్ది, పోయింది. దానికింత మొహం ముడుచుకోవాలేంటే?" అన్నాడు సెర్వాందో, ఎలాదియోకి వైను పోస్తూ. కసీల్దా చేపల కత్తితోనే దాని పొట్ట కోసింది. లోపల పొట్టు తీసిన బాదంపప్పుల్లాంటి గుడ్లు, ఒకదాన్నొకటి ఒరుసుకొని. నాకు చూపించింది. తర్వాత గుడ్డలో చుట్టి తీసుకెళ్ళి ఊరి బయట ఇసుక దిబ్బల్లో పాతిపెట్టి వచ్చి, మళ్ళీ నెత్తళ్ళ ముందు కూర్చుంది. మొగుణ్ణి పల్లెత్తు మాట అనలేదు. అతని మీద నాకెప్పుడూ అసహ్యమే. ఆ రోజు మాత్రం మా చెల్లెలి మీద కూడా ఒళ్ళు మండింది.

మరుసటి వేసవిలో పక్కింటి ద్రాక్ష పందిరి మీంచి బక్కచిక్కిన మగ ఊసరవెల్లి ఒకటి గోడ దిగి వచ్చింది. నెలలు గడిచేసరికి మార్కేసా పొట్ట సంచిలా వేలాడింది. ఆకుపచ్చ ఒంటి మీద పసుపు చుక్కలు తేలాయి. తిండి మానేసింది. కుండీ మీంచి దిగి దారం తెగేలా లాగుతూ నేలంతా వెతకడం మొదలుపెట్టింది.

"దిబ్బల్లో వదిలేద్దామే," అన్నాను.

"వద్దక్కా. చిన్నప్పట్నుంచీ నా చేతిలో తిన్నది. బయట ఏ పిల్లో కాకో ఎత్తుకుపోద్ది," అంది కసీల్దా. "ఈసారి మాత్రం చావనివ్వను. ఏదైతే అదవనీ."

అంత పొడుగు మాట దాని నోట విని చాలా కాలమైంది.

ఆ సాయంత్రమే సగానికి కోసిన వైను పీపా ఒకటి సంపాదించి, దిబ్బల మీద పొదల కింది తడి ఇసుక సంచీతో మోసుకొచ్చి, దాన్నిండా నింపింది. మార్కేసాను అందులో వదలబోతుండగా సెర్వాందో వచ్చాడు.

"ఏంటిదంతా?"

"మార్కేసాకి. గుడ్లు పెట్టుకోడానికి."

"నా టైల్స్ మీద పిల్లులు ఉచ్చపోసే ఇసుకా?" అంటూ పీపాను కాలితో తన్ని చూశాడు. "ఎవరింట్లో పుడుతున్నాయో తెలుసా అవి? ఎద్దుల క్లబ్బు అధ్యక్షుడి ఇంట్లో! వాటికి ఏ మన్ను తగునో నాకు తెలీదా? నేను చూసుకుంటాలే."

"నువ్వు చూసుకోడం పోయినేడు చూశాంగా మరిదీ," అన్నాను నేను.

"వదినా, నీ పొయ్యి దగ్గర నూనె మాడుతోంది, వెళ్ళి అది చూసుకో," అన్నాడు. పీపా ఈడ్చుకుంటూ వెళ్ళి ఇసుకంతా వీధిలో కుమ్మరించి, ఖాళీది తెచ్చి పడేశాడు. కసీల్దా ఖాళీ పీపా వైపు చూస్తూ నిలబడింది. "పోనీలే, ఇంకో సంచీ తెచ్చుకుందాం," అని నేనంటే, "ఇంకోటి తెచ్చినా పారబోస్తాడక్కా," అంది.

మర్నాడు పొద్దున్నే సెర్వాందో బస్సెక్కి సెవియ్యా వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు రెండు గోతాలతో దిగాడు. ఏముంది వాటిలో? అల్బేరో. అంటే ఎద్దుల పోరు జరిగే నేల మీద పరిచే పసుపుపచ్చ మన్ను. పాత పరిచయాలున్న ఎవడి కాళ్ళో పట్టుకొని తెచ్చాడు. ఆదివారం మధ్యాహ్నం తన ఇంట్లో "ఎద్దుల నేల మీద ఊసరవెల్లి పురుడు" అని ఊరంతా చాటింపు వేశాడు. ఆ మాట వాడు సిగ్గు లేకుండా నాలుగు వీధుల్లో చెప్పుకొని తిరిగాడంటే నమ్మండి.

ఆదివారం క్లబ్బంతా దిగింది. చేతుల్లో నా షాపు పొట్లాలే. సెర్వాందో చొక్కా చేతులు మడిచి, పీపాలో ఆ మన్ను పోసి, పైన నీళ్ళు చిలకరించి, ఇనుప దిమ్మిసతో దబదబా కొట్టాడు. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ దిమ్మిస. పోరుకు ముందు అక్కడ నేలను అలాగే తయారు చేస్తారట.

"చూడండి!" అన్నాడు చెమట తుడుచుకుంటూ. "అయిదొందల కిలోల ఎద్దు పరిగెత్తుకొచ్చినా గిట్ట దిగదు ఈ నేలలో. అదీ సెవియ్యా మన్ను అంటే!"

అదే కదరా సన్నాసీ దాని ఏడుపు, అనుకున్నాను నేను. ఎద్దు గిట్టకే దిగని నేల ఊసరవెల్లి గోటికి దిగుతుందా? కానీ ఆ చవటల్లో ఒక్కడికీ ఆ మాట తట్టలేదు. తట్టినవాడు కూడా తేరగా వచ్చే వైను పోతుందని నోరు మూసుకున్నాడు.

మార్కేసాను ఆ పసుపు మన్ను మీద పెట్టారు. కాసేపు కళ్ళు చెరో వైపు తిప్పుతూ ఉండిపోయింది. తర్వాత ముందు కాలితో గీరింది. రంగు మరక తప్ప ఏమీ రాలేదు. జరిగి ఇంకో చోట గీరింది. పీపా అంచు చుట్టూ తిరిగి అన్నిచోట్లా గీరింది. క్లబ్బువాళ్ళు నములుతూ చూస్తున్నారు.

"మాస్త్రో, ఎద్దు మొహమాటపడుతున్నట్టుంది," అన్నాడు ఎలాదియో. అందరూ నవ్వారు.

"తొలిచూలు కదా, భయం. కాస్త వాయిద్యం పెట్టిస్తే సరి," అన్నాడు సెర్వాందో. నిజంగానే అన్నాడు.

గీరి గీరి మార్కేసా గోరు ఒకటి ఊడింది. పచ్చదనమంతా పోయి నల్లటి బురద రంగుకు తిరిగింది. పోయినేడు పాతది చచ్చేముందు కూడా ఇదే రంగు. కసీల్దా జనంలోంచి తోసుకొని వచ్చి దాన్ని చేతిలోకి తీసుకొని నేల మీద వదిలింది. మార్కేసా పొట్ట ఈడ్చుకుంటూ సరాసరి ఎద్దు బొమ్మ దగ్గరికెళ్ళి, కుడి కొమ్ము పక్కన రెండు టైల్స్ కలిసేచోట సిమెంటు కాస్త లేచిపోయి ఉంటే అక్కడ గీరసాగింది. ఆ కింద మా నాన్న నాటి ఇసుకే.

"సెర్వాందో," అంది కసీల్దా. "ఈ ఒక్క టైలు తీయించు. లేకపోతే ఇది ఈ రాత్రికి చచ్చిపోద్ది."

"పిచ్చెక్కిందా నీకు? ఆ ఎద్దును సెవియ్యాలోని త్రియానా పేట కుమ్మరితో చేయించాను! పురుగులు తినే బల్లి కోసం దాని తల పగలగొట్టాలా?"

"ఒక్క టైలు."

"ఇంకో మాటంటే ఆ బల్లిని గోడవతలికి గిరవాటేస్తా. నలుగురిలో నా మొహాన ఎదురు చెప్పడం ఎక్కడ నేర్చుకున్నావే?"

కసీల్దా వంగి మార్కేసాను తీసి నా చేతిలో పెట్టింది. పీపాకు ఆనించి ఉన్న దిమ్మిసను రెండు చేతులా ఎత్తింది. రోజంతా చేపల బుట్టలు మోసే చేతులవి. మొదటి దెబ్బకే ఎద్దు కుడి కొమ్ము ఊడింది. రెండో దెబ్బకు చెవి. మూడో దెబ్బకు కింది సిమెంటు పగిలింది. ఆ పెంకులన్నీ చేత్తో ఏరి పక్కన పడేసి, వేళ్ళతో ఇసుక కదిలించి, "తేక్కా," అంది.

ఎలాదియో పొట్లంలోంచి ఇంకో నెత్తలి తీసి నోట్లో వేసుకుంటూ అన్నాడు:

"ఇంకేం మాస్త్రో! ఇక ఈ ఎద్దుతో మీరు కూడా పోరాడొచ్చు."

పెరడంతా ఒక్కసారిగా గొల్లుమంది. సెర్వాందో మొహం మాడిపోయింది. ఇప్పుడైనా కోపంతో ఒక అరుపు అరుస్తాడేమో, పెళ్ళాం చేతిలో దిమ్మిస లాక్కుంటాడేమో అనుకున్నాను. అలా చేసినా కనీసం మగాడనుకునేదాన్ని. ఆ పెద్దమనిషి ఏం చేశాడో తెలుసా? అతనూ నవ్వాడు. "నేనే చెప్పాను దానికి, అవసరమైతే పగలగొట్టమని. కన్నతల్లి ప్రాణం ముందు టైల్స్ ఏపాటి?" అన్నాడు. ఒక్క నిమిషం కింద బల్లి, ఇప్పుడు కన్నతల్లి!

మార్కేసా ఆ మధ్యాహ్నమంతా తవ్వింది. తల లోపలికి, తోక పైకి. చూసేవాళ్ళకు విసుగొచ్చి ఒక్కొక్కరే జారుకున్నారు. కసీల్దా మాత్రం ఎండ పడకుండా గొడుగు పట్టుకొని పక్కనే కూర్చుంది. పొద్దు గుంకేవేళకు మార్కేసా వెనక్కి తిరిగి గుంటలోకి దిగింది. చాలాసేపటికి పైకొచ్చి, వెనక కాళ్ళతో ఇసుక లాగి లాగి గుంట పూడ్చింది. ఒళ్ళంతా ముడతలు, ఖాళీ సంచీ. కసీల్దా దాన్ని అరచేతిలో పెట్టుకొని చుక్క చుక్కగా నీళ్ళు పట్టింది. ఏడుస్తోంది. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు.

తర్వాత చలికాలమంతా మా చెల్లెలికి అదే పని. గుంట మీద చేపల చెక్క పెట్టె బోర్లించి, పిల్లులు రాకుండా పైన రాయి పెట్టింది. తూర్పు నుంచి పొడిగాలి వీచిన రోజుల్లో బావినీళ్ళు వేళ్ళతో చిలకరించేది, మరీ తడవకుండా. భారీ వాన కురిస్తే పైన గోనెపట్టా పరిచేది. మార్కేసా పొయ్యి పక్క వెచ్చగా కూర్చొని మిడతలు తిని ఒళ్ళు చేసింది. ఇక గుమ్మం పక్క బల్ల దగ్గర ఎద్దుల ఉపన్యాసాలు పోయి ఊసరవెల్లి ఉపన్యాసాలు మొదలయ్యాయి. "గుడ్లు పొదిగించడం అంటే ఆషామాషీ కాదు. మనసు నిబ్బరంగా ఉండాలి. నేనైతే..." అని మొదలెట్టేవాడు. ఆ పెట్టె దగ్గరికి అతగాడు ఒక్కనాడు పోయిన పాపాన పోలేదు. నేను నూనెలో గరిటె గట్టిగా తిప్పేదాన్ని, ఆ గొంతు వినబడకుండా.

ఈస్టర్ పండుగ వచ్చింది. షాపు ముందు జనం విరగబడ్డారు. సరిగ్గా ఆ మధ్యాహ్నం సెవియ్యా నుంచి దొన్ ఫద్రీకే అనే పెద్దాయన్ని సెర్వాందో భోజనానికి పిలిచాడు. ఆయన వయసులో నిజంగానే ఎద్దుల ముందు నిలబడ్డవాడు, కాలు కాస్త ఈడుస్తాడు. అలాంటి మనిషి ఎదురుగా కూర్చుంటే మావాడికి చెప్పుకోడానికి ఏముంది, దిండ్లు తప్ప? అందుకని ఏదో ఒకటి చూపించి తీరాలి. క్లబ్బువాళ్ళంతా చుట్టూ ఉండగా చెక్కపెట్టె పక్కకు తోసి, పులుసు గరిటె పట్టుకొని గుంట తవ్వాడు.

నేనూ కసీల్దా వేపిన చేపల పళ్ళేలతో పెరట్లోకి వెళ్ళేసరికి గుడ్లు తెల్ల ప్లేటులో ఉన్నాయి, నడి ఎండలో. ప్లేటు చేతులు మారుతోంది. ఎలాదియో ఒక గుడ్డును చెవి దగ్గర పెట్టుకొని ఆడించి చూస్తున్నాడు. ఇంకొకడు గోటితో తడుతున్నాడు. సెర్వాందో ఒకదాన్ని రెండు వేళ్ళతో పట్టుకొని ఎండకెత్తి అటూ ఇటూ దొర్లిస్తున్నాడు.

"ఇలా తిప్పితే వీటికి హాని కాదా?" అని దొన్ ఫద్రీకే అడుగుతున్నాడు.

"భలేవారే! కోడిపెట్ట రోజూ తిప్పదూ? తిప్పకపోతేనే ఒక పక్కకి అతుక్కుపోతాయి," అన్నాడు మా పండితుడు. పెద్దాయన ఇంకేమీ అనలేదు. ప్లేటును ముట్టుకోలేదు కూడా.

కోడిగుడ్డు వేరు, ఇది వేరు. ఇవి పెట్టినప్పుడు ఎలా పడ్డాయో అలాగే ఉండాలి. ఇన్ని నెలలు గడిచాక తలకిందులు చేస్తే లోపలున్నది ఊపిరాడక చస్తుంది. మా అమ్మ నేలలో గుడ్డు బయటపడితే దాని పైభాగాన బొగ్గుతో చుక్క పెట్టి, ఆ చుక్క పైకే ఉండేలా మళ్ళీ పాతేది.

కసీల్దా పళ్ళెం బల్ల మీద పెట్టింది. ఒక్కొక్కరి చేతిలోంచి గుడ్లు తీసుకుంది. చివరగా మొగుడి వేళ్ళ మధ్యది.

"ఏమైందిప్పుడు? చూపించానంతే కదా. మళ్ళీ పెట్టేస్తే సరిపోద్ది," అన్నాడతను నవ్వుతూ, పెద్దాయన వైపు చూస్తూ.

కసీల్దా గుంట ముందు మోకరిల్లింది. గరిటెకు పైవరస గుడ్లే అందాయి. అడుగువి కదలకుండా ఇసుకలోనే ఉన్నాయి. వాటిమీద ఇసుక కప్పి, పక్కన ఇంకో గుంట తీసి, ప్లేటులోవి అందులో పెట్టింది. రెండింటికీ మధ్య టైలు ముక్క ఒకటి నిలువుగా గుచ్చింది.

"వేరేగా ఎందుకే?" అన్నాను.

"ఇవి ఆయన పొదిగినవి," అంది. గొంతులో కోపం కూడా లేదు.

వేసవి వచ్చింది, సెవియ్యా జనం వచ్చారు, పోసాగారు. పిల్లలు ఎప్పుడు పైకొస్తాయని క్లబ్బులో పందాలు కాశారు. పిల్లల్ని ఊరి పెద్దలందరి ముందూ తనే స్వయంగా బయటికి తీస్తానని, ఒక్కోదానికీ ఒక్కో ఎద్దుల వీరుడి పేరు పెడతానని సెర్వాందో ప్రకటించాడు. కొత్త టోపీ కూడా కొన్నాడు.

ఒక పొద్దున నేను పొయ్యి ముట్టిస్తుంటే కసీల్దా పెరట్లోంచి పిలిచింది. పెట్టె తీసి ఉంది. పెద్ద గుంట ఉన్నచోట ఇసుక మధ్యలో చిన్న కన్నం పడి, అందులోంచి చిటికెన వేలి గోరంత తల ఒకటి బయటికి చూస్తోంది. దాని వెనక ఇంకొకటి. తర్వాత ఒకదాని మీద ఒకటి ఎక్కి, పుట్టిన గంటకే వాళ్ళ అమ్మలాగే కాలు గాల్లో ఊపుతూ నిక్కుతూ. కసీల్దా నోటికి చెయ్యడ్డం పెట్టుకొని నవ్వింది. ఆ నవ్వు నేను దాని పెళ్ళికి ముందు విన్నది. ఇద్దరం వాటిని కొత్తిమీర కట్టలున్న బుట్టలోకి ఎక్కించి, దిబ్బలకు తీసుకెళ్ళి, పొదల మీద వదిలి వచ్చాం. రెండో గుంటలో ఇసుక మాత్రం చెక్కుచెదరలేదు.

కబురు ఎలాగో పాకింది. మధ్యాహ్నానికి సెర్వాందో కొత్త టోపీతో క్లబ్బునంతా వెంటేసుకొని వచ్చాడు. ఖాళీ కన్నం చూసి నిర్ఘాంతపోయాడు.

"పిల్లలేవి?"

"వెళ్ళిపోయాయి," అంది కసీల్దా.

"నేను లేకుండానా? ఎవర్నడిగి వదిలావ్? ఇంతమందిని పిలుచుకొచ్చాను, ఇప్పుడు వీళ్ళకేం చూపించమంటావ్?"

"నీవి ఉన్నాయిగా. ముట్టుకోలేదు." టైలు ముక్కకు అవతల వైపు చూపించింది. "తియ్యి. అందరికీ చూపించు."

అతని మొహం వికసించింది. పిచ్చివాడికి ఇంకా అర్థం కాలేదు. "రండి, రండి, దగ్గరికి రండి!" అని అందరినీ పిలిచి, మోకాళ్ళ మీద కూర్చొని, రెండు చేతులూ ఇసుకలోకి దూర్చి దోసెడు పైకి తీశాడు. పసుపు తిరిగి, నొక్కుకుపోయి, బూజు పట్టిన గుడ్లు. ఒకటి వేళ్ళ మధ్య చిట్లింది. ఆ కంపుకు ముందు వరసలోవాళ్ళు ముక్కులు మూసుకొని వెనక్కి జరిగారు. ఎలాదియో కూడా ఏ వేళాకోళమూ ఆడలేదు. అందరూ ఆ దోసిలి వైపే చూస్తున్నారు, ఈస్టర్ నాడు తాము చెవి దగ్గర ఆడించినవే ఇవని వాళ్ళకూ తెలిసింది.

"కావాలనే చేశావ్ కదూ," అన్నాడు సెర్వాందో తలెత్తకుండా. "ఇంతమందిలో."

"వాటిని నువ్వు తవ్వింది కూడా ఇంతమందిలోనే," అంది కసీల్దా.

జనం ఒక్కొక్కరే గోడ పక్కనుంచి జారుకున్నారు. ఎవరూ మాస్త్రో అని పిలిచి సెలవు తీసుకోలేదు. అతను మాత్రం ఆ కంపు దోసిలితో అలాగే కూర్చున్నాడు, ఎక్కడ పడేయాలో కూడా ఎవరైనా చెబితే గానీ తెలియనట్టు.

"వాటిని లోతుగా పాతిపెట్టి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని వెనక గదిలోకి రా," అంది మా చెల్లెలు. "ఈ రోజు నుంచి నెత్తళ్ళు నువ్వే శుభ్రం చెయ్యాలి. నేను అక్కతో ముందు నిలబడతా."

కాదంటాడని చూశాను. అనలేదు. కడుక్కుని వచ్చి బుట్ట ముందు కూర్చున్నాడు. ఆ పని కూడా చేతకాలేదు, సగం చేపల్లో పేగులు అలాగే వదిలేశాడు.